సెంటు ఒంటి మీద ఎలా మారుతుంది: పెర్‌ఫ్యూమ్ రకాలు, అత్తర్ల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

షాపులో అంత బాగున్న సెంటు ఇంటికొచ్చేసరికి ఇంకోలా ఎందుకు ఉంది? అంత డబ్బు పోసి కొంటే మధ్యాహ్నానికే ఎందుకు ఎగిరిపోయింది? ఎక్కువమంది అడిగేవి ఈ రెండే. సీసాలో ఉన్నది పదుల కొద్దీ సుగంధ పదార్థాల కలగలుపు. ఒంటి వేడి తగలగానే అవన్నీ ఆవిరవడం మొదలుపెడతాయి, కానీ ఒక్కోదాని వేగం ఒక్కో రకం. ఈ సంగతి మనసులో పెట్టుకుని చదివితే కింది జవాబులన్నీ తేలిగ్గా అర్థమవుతాయి.

సీసాల మీద ఎక్స్‌ట్రెయిట్, ఈడీపీ, ఈడీటీ, కొలోన్ అని రాసి ఉంటుంది. తేడా ఏమిటి?

ఆల్కహాల్‌లో ఎంత సుగంధ తైలం కలిపారన్నదే తేడా. ఉజ్జాయింపుగా ఎక్స్‌ట్రెయిట్ లేదా పర్‌ఫమ్‌లో 20 నుంచి 40 శాతం, ఓ డి పర్‌ఫమ్ అంటే ఈడీపీలో 15 నుంచి 20, ఓ డి టాయ్‌లెట్ అంటే ఈడీటీలో 5 నుంచి 15, కొలోన్‌లో 2 నుంచి 5 శాతం ఉంటుంది. బాడీ మిస్ట్‌లో 1 నుంచి 3 శాతమే. మిగతాదంతా ఆల్కహాల్, కొద్దిగా నీళ్ళు.

ఇవి వ్యాపారంలో వాడుకగా వచ్చిన లెక్కలు, చట్టం గీసిన గీతలు కావు. ఒక కంపెనీ ఈడీటీ అని అమ్మేది ఇంకో కంపెనీ ఈడీపీతో సమానంగా ఉండొచ్చు. అట్ట మీద ఉన్న ‘80% వాల్యూమ్’ లాంటి అంకె చూసి సెంటు 80 శాతం అనుకునేవారు చాలామంది. అది ఆల్కహాల్ శాతం.

శాతం ఎక్కువైతే ఎక్కువసేపు నిలుస్తుందా?

అన్నిసార్లూ కాదు. ఎంత కలిపారన్న దానికంటే ఏం కలిపారన్నది ముఖ్యం. నిమ్మ, నారింజ తైలాలను 20 శాతం పోసినా గంటలో సగం ఎగిరిపోతాయి. గంధం, పచౌలీ (ఘాటైన వాసన గల ఒక ఆకు), మస్క్ (కస్తూరి లాంటి వాసన) 8 శాతమే ఉన్నా సాయంత్రం దాకా ఉంటాయి. 1709లో జర్మనీలోని కొలోన్ నగరంలో జొహాన్ మరియా ఫరీనా మొదలుపెట్టిన కొలోన్ నీళ్ళు నిమ్మజాతి తైలాలతో చేసినవి. ఆ రకం సెంటును చేతినిండా పోసుకుని, మళ్ళీ మళ్ళీ రాసుకోవడానికే తయారుచేస్తారు. అది నాలుగు గంటలు నిలవలేదని బాధపడడంలో న్యాయం లేదు.

ఒకే పేరుతో వచ్చే ఈడీటీ, ఈడీపీలు చాలాసార్లు వేర్వేరు ఫార్ములాలు. ఈడీపీ అంటే అదే ఈడీటీని చిక్కగా చేసినదని అనుకుని వాసన చూడకుండా కొనకండి. పైగా ఈడీటీలో ఆల్కహాల్ ఎక్కువ కాబట్టి మొదటి పది నిమిషాలు అదే ఎక్కువ దూరం వ్యాపించవచ్చు.

టాప్, మిడిల్, బేస్ నోట్స్ అంటే ఏమిటి? అవి ఎంతెంతసేపు ఉంటాయి?

ఆవిరయ్యే వేగాన్ని బట్టి పెట్టిన పేర్లు ఇవి. నిమ్మజాతి తైలాల్లో ఉండే లిమోనీన్ అణుభారం 136. అది తేలిక, త్వరగా ఎగిరిపోతుంది. చాలా సెంట్లలో, సబ్బుల్లో వాడే గెలాక్సొలైడ్ అనే మస్క్ అణుభారం 258. అది బరువు, మెల్లగా లేస్తుంది. అణుభారం ఒక్కటే అన్నీ తేల్చదు గానీ మొత్తం మీద లెక్క ఇలాగే నడుస్తుంది.

మణికట్టు మీద ఒక స్ప్రే కొట్టి గడియారం పెట్టుకుని చూడండి. మొదటి అర నిమిషం ముక్కుకు తగిలేది ఆల్కహాల్ ఘాటే, దాన్ని లెక్కలోకి తీసుకోవద్దు. తరువాత పదిహేను, ఇరవై నిమిషాలు నిమ్మ, బెర్గమాట్ (ఒక నిమ్మజాతి కాయ), పుదీనా, యాలకుల లాంటివి పైకి వస్తాయి. ఇవి టాప్ నోట్స్. అరగంట దాటాక పదును తగ్గి పూల వాసన, మసాలా వాసన విప్పుకుంటాయి. గులాబీ, మల్లె, లవంగం ఈ కోవలోవి, ఇవి మిడిల్ నోట్స్. రెండు నుంచి నాలుగు గంటలు వీటి రాజ్యం. ఆ తరువాత చర్మానికి ముక్కు ఆనించి చూస్తే తెలిసే గంధం, వట్టివేరు, వనిల్లా, మస్క్ వాసన బేస్. ఈ చివరి దశను డ్రై డౌన్ అంటారు. రోజులో ఎక్కువ గంటలు మీతో ఉండేది ఇదే. షాపులో మొదటి ఐదు నిమిషాలు చూసి కొనేవాళ్ళు, రోజంతా తమతో ఉండే వాసనను చూడకుండానే డబ్బు కడుతున్నారు.

ఒకటి పోయాక ఒకటి వరసగా వస్తాయనుకోవడం మాత్రం పొరపాటు. బేస్ మొదటి క్షణం నుంచే ఉంటుంది. పైన తేలికవి ఉన్నంతసేపు అది వాటి చాటున ఉంటుంది, అంతే.

వాసనను పట్టి నిలిపే పదార్థాల సంగతి మన పెద్దలకు బాగా తెలుసు. కస్తూరి, జవ్వాది, పునుగు చేసే పని అదే. తిరుమలలో శుక్రవారం అభిషేకం తరువాత శ్రీవారికి పూసే పునుగు తైలం ఈ జాతిదే. దానిలోని సివెటోన్ పెద్ద అణువు, చాలా నెమ్మదిగా ఆవిరవుతుంది. ఇప్పటి సెంట్లలో జంతువుల నుంచి తీసిన కస్తూరి, పునుగు దాదాపు లేవు. వాటి స్థానంలో ప్రయోగశాలలో చేసిన మస్క్‌లు వాడుతున్నారు.

ఒకే సెంటు స్నేహితురాలి ఒంటి మీద ఒకలా, నా ఒంటి మీద ఒకలా ఎందుకు ఉంటుంది?

అన్నిటికంటే ముందు చర్మంలోని జిడ్డు. జిడ్డు చర్మం సుగంధ తైలాలను పట్టి ఉంచుతుంది. పొడి చర్మం మీద అవి తొందరగా ఎగిరిపోతాయి, టాప్, మిడిల్ నోట్స్ మరీ త్వరగా. రెండోది ఒంటి వేడి. మణికట్టు, మెడ లాంటి చోట్ల చర్మం వెచ్చగా ఉంటుంది కాబట్టి వాసన వేగంగా లేస్తుంది. మూడోది అప్పటికే ఒంటి మీదున్న సబ్బు, తలనూనె, పౌడరు. వీటి వాసన కలిసిపోయి ‘నా చర్మానికి సరిపడలేదు’ అనిపిస్తుంది. తలకు కొబ్బరినూనె రాసుకుని మెడ మీద సెంటు కొట్టుకుంటే వచ్చేది ఆ రెండిటి కలయికే.

చర్మం పీహెచ్ వల్లే అంతా మారిపోతుందని ఇంటర్నెట్ నిండా రాస్తుంటారు. మామూలు చర్మం పీహెచ్ 4.5 నుంచి 5.5 మధ్య, అంటే కొద్దిపాటి ఆమ్లగుణం. మనిషికీ మనిషికీ ఉండే ఆ చిన్న తేడా కంటే జిడ్డు, తేమ, వేడి చేసే పనే ఎక్కువ.

మన పూలమాలల్లో కనకాంబరాలతో కలిపి కట్టే దవనం గురించి ఒక ముచ్చట. దవనం నూనె ఒక్కొక్కరి ఒంటి మీద ఒక్కోలా విప్పుకుంటుందని సెంట్ల తయారీదారులు ఎప్పటి నుంచో చెప్పుకుంటారు. అది దక్షిణాదిలో పండే పంటే. ఎక్కడైనా దవనం ఉన్న సెంటు దొరికితే ఇంట్లో ఇద్దరు ముగ్గురు రాసుకుని పోల్చి చూడండి.

అరగంటకే నాకు వాసన తెలియడం లేదు, పక్కవాళ్ళకు మాత్రం తెలుస్తోంది. ఎందుకు?

ముక్కు అలవాటు పడిపోతుంది. ఎప్పుడూ ఉండే వాసనను మెదడు పక్కన పెట్టేస్తుంది. మన ఇంటి వాసన మనకు తెలియకపోయినా ఊరి నుంచి వచ్చిన చుట్టానికి గుమ్మంలోనే తెలుస్తుంది కదా, ఇదీ అంతే. మెడ ముందు భాగంలో కొట్టుకుంటే ఆవిరి నేరుగా ముక్కుకే వస్తుంది, ఇంకా త్వరగా అలవాటు పడతారు. మెడ వెనక, మోచేతి మడతలో వేసుకుంటే ఈ ఇబ్బంది తగ్గుతుంది.

ఇంకో కారణమూ ఉంది. కొన్ని మస్క్‌ల వాసన కొందరి ముక్కుకు అసలే అందదు. ఇది పుట్టుకతో వచ్చే తేడా, జబ్బు కాదు. మీకు తెలియడం లేదని ఇంకో నాలుగు స్ప్రేలు కొట్టుకుంటే లిఫ్టులో పక్కవాళ్ళకు తలనొప్పి వస్తుంది. ముందు ఇంట్లోవాళ్ళను అడగండి.

ఎక్కడ, ఎన్ని స్ప్రేలు, ఎలా వేసుకోవాలి?

స్నానం చేసి ఒళ్ళు తుడుచుకున్నాక వాసన లేని మాయిశ్చరైజర్ పలుచగా రాయండి. చర్మం మరీ పొడిగా ఉంటే సెంటు వేసే చోట బియ్యపుగింజంత వాసన లేని పెట్రోలియం జెల్లీ చాలు. రెండు నిమిషాలు ఆగి, జానెడు దూరం నుంచి కొట్టుకోండి. మరీ దగ్గరగా కొడితే ఒకేచోట తడిసి కారుతుంది, మరీ దూరమైతే సగం గాలికి పోతుంది. గాలిలో కొట్టి దాని కిందుగా నడవడం వట్టి వృథా, ఎక్కువ భాగం నేలపాలే.

ఆఫీసుకైతే ఈడీపీ రెండు మూడు స్ప్రేలు, ఈడీటీ నాలుగైదు. ఎక్స్‌ట్రెయిట్ అయితే ఒకటి, మహా అయితే రెండు. మామూలు పంపు ఒక నొక్కుకు సుమారు 0.1 మిల్లీలీటరు వదులుతుంది. అంటే 50 మి.లీ. సీసాలో 500 స్ప్రేలు. రోజుకు నాలుగు చొప్పున నాలుగు నెలలు వస్తుంది. 10 మి.లీ. చిన్న సీసా కొన్నా వంద స్ప్రేలున్నట్టే. ఒక సెంటు మీకు పడుతుందో లేదో తేల్చుకోవడానికి అది ఎక్కువే.

మణికట్లు రెండూ కలిపి రుద్దితే అణువులు విరిగిపోతాయన్నది అపోహ. రాపిడి వేడికి టాప్ నోట్స్ త్వరగా ఎగిరిపోతాయి, తైలం కొంత రెండో చేతికి, బట్టలకు అంటుకుపోతుంది. నష్టం అంతవరకే. అయినా రుద్దకుండా ఆరనివ్వడమే మేలు.

చంకల్లో సెంటు వద్దు. చెమటతో కలిసి వాసన చెడుతుంది, చర్మం మండుతుంది.

మన ఎండలకు ఏది సరిపడుతుంది?

ఎండ 42 డిగ్రీలు దాటే రోజుల్లో అన్ని నోట్స్ కలిసి ఒక్కసారే లేస్తాయి. చలికాలంలో ముచ్చటగా ఉన్న వనిల్లా, ఊద్ (అగరు), అంబర్ (తియ్యని బంక వాసన) సెంట్లు మే నెలలో ఉక్కిరిబిక్కిరి చేస్తాయి. విశాఖ, కాకినాడ లాంటి తీరప్రాంతపు ఉక్కలో ఈ బరువు మరింత తెలుస్తుంది. నిమ్మజాతి, వట్టివేరు, మట్టి వాసన ఉన్నవి ఈ కాలానికి తగినవి. కిటికీలకు కట్టి నీళ్ళు చల్లే వట్టివేళ్ళ తడికల నుంచి వచ్చేదీ ఆ చల్లని వాసనే. ఎండాకాలంలో స్ప్రేల సంఖ్య సగానికి తగ్గించి, చిన్న సీసా వెంట ఉంచుకుని మధ్యాహ్నం ఒకటి కొట్టుకోవడం మంచి పద్ధతి. రోజంతా ఏసీలో కూర్చునేవాళ్ళ చర్మం పొడిబారుతుంది కాబట్టి మాయిశ్చరైజర్ మానొద్దు.

అత్తరుకూ పెర్‌ఫ్యూమ్‌కూ తేడా ఏమిటి?

అత్తరులో ఆల్కహాల్ ఉండదు. పూలను, వేళ్ళను నీటి ఆవిరితో బట్టీ పట్టి, ఆ సారాన్ని గంధపు నూనెలోకి దింపితే వచ్చేదే సంప్రదాయ అత్తరు. ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్ దీనికి పేరుమోసిన ఊరు. అక్కడి పరిమళ ద్రవ్యాలకు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. డేగ్ అనే రాగి కాగులో పూలు, నీళ్ళు పోసి మూత చుట్టూ మట్టితో మూస్తారు. కింద కట్టెల మంట. వెదురు గొట్టం గుండా ఆవిరి భప్కా అనే రాగి పాత్రలోకి వెళ్తుంది. దానిలో ముందే గంధపు నూనె ఉంటుంది, పాత్ర నీళ్ళతొట్టెలో మునిగి ఉంటుంది. చల్లబడ్డ ఆవిరిలోని పరిమళాన్ని గంధపు నూనె పీల్చుకుంటుంది, అడుగున చేరిన నీళ్ళను వంపేస్తారు. మంట ఎక్కువైతే పూలు మాడి ఆ కమురు వాసన నూనెకు పడుతుంది. అందుకే పనివాళ్ళు భప్కాను చేత్తో తాకి వేడి చూస్తూనే ఉంటారు.

కాల్చిన మట్టిబిళ్ళలను ఇలాగే బట్టీ పట్టి తీసేది మట్టి అత్తరు. తొలకరి చినుకుకు లేచే వాసన అది. ఆ వాసనకు పెట్రికోర్ అని 1964లో ఇజబెల్ జాయ్ బేర్, రిచర్డ్ థామస్ అనే శాస్త్రవేత్తలు పేరు పెట్టారు. కన్నౌజ్ వాళ్ళు దాన్ని ఎప్పటి నుంచో సీసాల్లో పట్టి అమ్ముతున్నారు. మనకు దగ్గరలో, శ్రీకాకుళం పక్కనున్న ఒడిశాలోని గంజాం తీరం మొగలిపూల సారానికి పెట్టింది పేరు.

ఒంటి మీద అత్తరు తీరు వేరు. ఆల్కహాల్ లేదు కాబట్టి మొదట్లో గుప్పుమనదు, దూరం పోదు. చర్మానికి అంటుకుని నెమ్మదిగా లేస్తుంది. నాలుగడుగుల దూరంలో ఎవరికీ తెలియకపోయినా దగ్గరికొస్తే ఎనిమిది గంటల తరువాత కూడా ఉంటుంది.

చార్మినార్ దగ్గర అత్తరు కొనేటప్పుడు ఏం చూడాలి?

పత్తర్‌గట్టి, చార్మినార్ వైపు దుకాణాల్లో 3, 6, 12 మి.లీ. సీసాల్లో అమ్ముతారు. 12 మి.లీ.ని తులం అంటారు. అసలు తులం 11.66 గ్రాములు, బంగారం కొట్లో మాట్లాడే 10 గ్రాముల తులం కాదు. దుకాణదారు గాజుపుల్ల ముంచి మీ చేతి వెనక గీత గీస్తాడు. అక్కడే వాసన చూసి ఊరుకోకండి. ఒక్కో చేతికి ఒక్కో అత్తరు మాత్రమే రాయించుకుని, బజారంతా తిరిగి, ఇరానీ చాయ్ తాగి, రెండు గంటల తరువాత వాసన చూడండి. రాసిన క్షణంలో గుప్పుమని, గంటకల్లా చప్పబడి, నూనె జిడ్డు మాత్రమే మిగిలిందంటే అది చవక బేస్‌లో, అంటే వాసనను కలిపే నూనెలో, సింథటిక్ వాసన కలిపినది. గంధపు నూనె ఖరీదైపోవడంతో లిక్విడ్ పారాఫిన్, డీవోపీ లాంటివి బేస్‌గా వాడడం మామూలైంది. డీవోపీ ప్లాస్టిక్‌ను మెత్తబరచడానికి వాడే రసాయనం, ఒంటికి రాసుకునేది కాదు. బేస్ ఏమిటని అడగండి, సమాధానం దాటేసే చోట కొనకండి.

ధర కూడా చాలా చెబుతుంది. ఒక కిలో గులాబీ తైలానికి మూడు నాలుగు టన్నుల రేకులు కావాలి. 12 మి.లీ. ‘అసలు గులాబీ అత్తరు’ 200 రూపాయలకు రావడం జరగని పని. సింథటిక్ అత్తరు కొనడంలో తప్పు లేదు, బాగున్నవీ ఉన్నాయి. అసలు దాని ధర మాత్రం దానికి పెట్టకూడదు.

రాసుకోవడానికి పుల్లతో రెండు చుక్కలు చాలు. చెవి వెనక, మణికట్టు మీద అద్దండి. చిన్న దూది ఉండకు అద్ది చెవి మడతలో పెట్టుకునే పాత పద్ధతి కూడా మంచిదే. దూది తైలాన్ని మెల్లమెల్లగా వదులుతుంది, బట్టలకు మరకా పడదు.

మల్లెపూల సెంటు అసలు మల్లెలా ఎందుకు ఉండదు?

మల్లె మొగ్గ సాయంత్రం విచ్చుకుంటూ రాత్రంతా పరిమళాన్ని తయారుచేస్తూనే ఉంటుంది. ఆవిరి పడితే ఆ సున్నితమైన భాగాలు దెబ్బతింటాయి. అందుకే ఎక్కువగా హెక్సేన్ లాంటి ద్రావకంలో పూలను నానబెట్టి మైనంలాంటి కాంక్రీట్ తీస్తారు. దాన్ని ఆల్కహాల్‌తో కడిగితే అబ్సొల్యూట్ వస్తుంది. అది చిక్కని ముదురురంగు ద్రవం. జడలోని పువ్వు గాలిలోకి వదిలేది, ఈ ద్రవంలో ఉన్నది ఒకటే పాళ్ళలో ఉండవు.

మల్లెలో ఇండోల్ అనే పదార్థం ఉంటుంది. కొద్దిగా ఉంటే పూవుకు నిండుదనం ఇస్తుంది, ఎక్కువైతే నాఫ్తలీన్ గోళీల వాసన, ఇంకా ఎక్కువైతే కుళ్ళు వాసన. సెంట్లలో దాన్ని తగ్గిస్తే సబ్బులా, ఉంచితే కొందరికి వెగటుగా అనిపిస్తుంది. మల్లె సెంటు వేసుకున్న గంట తరువాత వాసన మారిందని అనిపిస్తే తరచూ కారణం ఇదే. అసలు మల్లె కావాలనిపించే సాయంత్రం రెండు మూరలు కొనుక్కోవడమే ఉత్తమం.

షాపులో ఎలా పరీక్షించాలి?

ముందు కాగితపు పట్టీల మీద చూడండి, నాలుగైదుకు మించొద్దు. ఆ తరువాత ముక్కు తేడాలు పట్టలేదు. నచ్చిన రెండింటిని చెరో చేతి మీద కొట్టించుకుని బయటికి వచ్చేయండి. అరగంటకు, రెండు గంటలకు, నాలుగు గంటలకు వాసన చూసి ఫోన్లో రాసుకోండి. కాగితానికి జిడ్డు, వేడి ఉండవు కాబట్టి దాని మీద నచ్చినదే చర్మం మీదా నచ్చాలని లేదు. కాఫీ గింజల గిన్నె ముక్కును కడిగేయదు, అది ఇంకో ఘాటు వాసన మాత్రమే. మీ మోచేతి మడతనో చొక్కానో వాసన చూసి, కాస్త బయటి గాలి పీల్చుకుంటే చాలు.

పట్టుచీర మీద కొట్టుకోవచ్చా? ముత్యాలు?

పట్టు మీద వద్దు. ఆల్కహాల్ రంగును కదిలిస్తుంది, తైలం మరక దిగుతుంది, జరీ నల్లబడుతుంది. అత్తరు మరక అయితే ఇంకా మొండిది. చీర కట్టుకునే ముందే ఒంటికి రాసుకుని పది నిమిషాలు ఆరనివ్వండి. తెల్ల చొక్కాల విషయంలోనూ అంతే. నూలు, ఉన్ని బట్టలపై సెంటు ఎక్కువసేపు ఉంటుంది గానీ లోపలి వైపు ఒక మూల కొట్టి చూశాకే వాడండి.

ముత్యాల పై పొర కాల్షియం కార్బొనేట్, ప్రొటీన్ కలిసిన పొరల కట్ట. సెంటు, హెయిర్ స్ప్రే పదేపదే తగిలితే మెరుపు పోతుంది, మళ్ళీ రాదు. హైదరాబాద్ నుంచి తెచ్చుకున్న ముత్యాల దండ ఉంటే సెంటు ఆరాక అన్నిటికంటే చివర వేసుకుని, అన్నిటికంటే ముందు తీసి మెత్తటి గుడ్డతో తుడవండి.

సెంటు ఎంతకాలం పాడవకుండా ఉంటుంది? రంగు మారితే పారేయాలా?

వెలుతురు, వేడి, గాలి తగలకపోతే మూడు నుంచి ఐదేళ్ళు బాగుంటుంది. బేస్ గట్టిగా ఉన్నవి ఇంకా ఎక్కువ. అట్టపెట్టెలోనే ఉంచి బీరువాలో పెట్టండి. బాత్రూం అలమర, కిటికీ గట్టు, అద్దం ముందు బల్ల పనికిరావు. ఎండలో నిలిపే కారులో అసలే వద్దు, ఆల్కహాల్ మండే ద్రవం. దీపం, అగరుబత్తి, గ్యాస్ పొయ్యి దగ్గర స్ప్రే చేయకండి.

వనిల్లా ఉన్న సెంటు కాలం గడిచేకొద్దీ తేనెరంగుకు, గోధుమరంగుకు తిరుగుతుంది. అది వెనిలిన్ గుణం, చెడిపోవడం కాదు. కొట్టగానే పుల్లగా, వార్నిష్‌లా, పాత నూనెలా వాసన వచ్చి అరగంటైనా తగ్గకపోతే పాడైనట్టే.

దద్దుర్లు, నల్ల మచ్చలు వస్తే?

వెంటనే ఆపి సబ్బుతో కడగండి, తగ్గకపోతే చర్మవైద్యులకు చూపించండి. కొత్త సెంటును ముందు మోచేతి మడతలో కొద్దిగా రాసి 48 గంటలు చూడండి. సెంట్లలోని లిమోనీన్, లినలూల్ అనే సుగంధ పదార్థాలు గాలికి ఆక్సీకరణం చెందితే అలర్జీ గుణం పెరుగుతుంది, అందుకే పాతబడిన నిమ్మజాతి సెంట్లతో దురద ఎక్కువ. బెర్గమాట్ తైలంలోని బెర్గాప్టెన్ ఎండ తగిలితే చర్మాన్ని కాల్చి మచ్చలు మిగులుస్తుంది. పేరున్న కంపెనీలు దాన్ని తీసేసిన తైలమే వాడతాయి, ఇంట్లో కలుపుకునేవాళ్ళు మాత్రం జాగ్రత్తపడాలి. గడ్డం గీసుకున్న వెంటనే, గాయాల మీద, పసిపిల్లలకు సెంటు వద్దు.

అత్తరు, స్ప్రే కలిపి వాడొచ్చా?

వాడొచ్చు. బరువైనది ముందు: గంధం లేదా వట్టివేరు అత్తరు ఒక చుక్క అద్ది, ఐదు నిమిషాలాగి, దాని మీద తేలికైన గులాబీ లేదా నిమ్మజాతి స్ప్రే ఒకటి. రెండూ ఘాటైనవైతే కలపొద్దు. డియోడరెంట్ వాడేవాళ్ళు వాసన లేని రకం తీసుకోండి, లేకపోతే దాని వాసన కూడా వచ్చి కలుస్తుంది.

విమానంలో తీసుకెళ్ళొచ్చా?

విదేశీ ప్రయాణంలో చాలా విమానాశ్రయాల్లో చేతి సామానులో ఒక్కో సీసా 100 మి.లీ. దాటకూడదు, ద్రవాలన్నీ ఒక లీటరు పారదర్శక సంచిలో పట్టాలి. సీసాలో సగమే ఉన్నా లెక్క సీసా పరిమాణానికే. అత్తరు సీసాల గాజు మూతలు లూజుగా ఉంటాయి. మూత చుట్టూ టేపు వేసి, నిలువుగా, విడి కవర్లో పెట్టండి.